మర్ఖేల్ చేలో నా ఫోటో

తన ఫోటో తాను తీసుకోవడం ఈ కాలపు పిల్లలకు పట్టిన వెర్రి అని మనలో చాలమంది అభిప్రాయం. నిజానికి ఆ వెర్రి ఫోటోగ్రఫీతోపాటే పుట్టింది. 1839లో ఫిలడెల్ఫియా నగరంలో రాబర్ట్ కార్నీలియస్ అనే దీపాల వ్యాపారి కొడుకు, దుకాణం వెనకాల ఎండలో కెమేరా పెట్టె నిలబెట్టి, దాని ముందు నిమిషాల తరబడి కదలకుండా ఉండి తన బొమ్మ తానే తీసుకున్నాడు. జుట్టు చెదిరిన ఆ బొమ్మ ఈనాటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నది. మన దేశంలో చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్‌సింగ్ దశాబ్దాలపాటు అదే పని చేశాడు. వాళ్ళ సరసన నన్ను చేర్చుకోవడం లేదు. నా అవసరం చిన్నది.

మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఫోటోలు తీసేది నేనే. ఆల్బములు తిరగేస్తే పెళ్ళిళ్ళు, బారసాలలు, తిరుపతి గుండ్లు, అన్నీ కనిపిస్తాయి, నేనొక్కదాన్నే కనిపించను. ఇది నాకెన్నడూ లోటు అనిపించలేదు. కాని మొన్న మార్గశిరంలో మర్ఖేల్ పొలానికి బేరం కుదిరింది. సోమవారం దేగ్లూరులో రిజిస్ట్రేషను. మూడెకరాల పది గుంటల నల్లరేగడి. చేసేవాళ్ళు లేక అమ్ముకోవడమే తప్ప అప్పులేమీ లేవు. ఆ నేలమీద నిలబడిన మా మనిషి ఫోటో ఒక్కటి కూడా లేదని శుక్రవారం రాత్రి తట్టింది. శనివారం పొద్దున్నే కెమేరా, స్టాండు పట్టుకుని చేలోకి వెళ్ళాను.

మా నాయనమ్మకైతే ఎక్కడా, ఏ ఫోటోయూ లేదు. 1892లో రాజా దీనదయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అందులో ఫోటో తీసేది కూడా ఆడమనిషే. మర్ఖేల్ కూడా ఆనాడు నిజాం రాజ్యమే. అయితేనేం, జొన్నచేలో కలుపు తీసే ఇల్లాలికి ఆ మెట్లు ఎక్కే యోగం ఎక్కడిది! తరువాత 1948లో నిజాం రాజ్యం మన దేశంలో కలిసింది. 1956 నవంబరులో నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రానికి పోయింది. 1960 మేలో మహారాష్ట్ర అయింది. నాయనమ్మ మాత్రం ఊరు కదలలేదు, ఆవిడ తెలుగూ కదలలేదు. బ్రతుకుతెరువు పేరు చెప్పి కదిలినవాళ్ళం మేమే.

తన ఫోటో తాను తీసుకోవడంలో చిక్కేమిటంటే, కెమేరా వెనక ఉన్నప్పుడు ముందు మనిషి ఉండదు. ఎదురుగా ఎవరూ లేనిదే దృష్టి ఎక్కడ కుదర్చాలి? అందుకని నేను నిలవదలచిన చోట గొడుగు నేలలో గుచ్చి, దానిమీద దృష్టి కుదిర్చి, అది మళ్ళీ మారకుండా బిగించాను. టైమరు నొక్కితే పది సెకండ్ల గడువు. ఆ పది సెకండ్లలో గడ్డలు తేలిన రేగడిలో పరుగెత్తాలి, గొడుగు పీకి పక్కన పారేయాలి, చీర సర్దుకోవాలి, అప్పుడు ముఖాన ప్రశాంతత తెచ్చుకోవాలి. మొదటి ఆరింటిలోనూ దొంగను చూసినదానిలాగ ఉన్నాను. పొద్దెక్కితే మరీ కష్టం. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ళకింద గుంటలు పడతాయి. ఏటవాలు వెలుతురు కావాలి. ఆ వెలుతురు పొద్దుట కాసేపు, మళ్ళీ నాలుగు దాటాక కాసేపు, అంతే.

కందిచేను గట్టున గడ్డి కోస్తున్న మనిషి చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏందక్కా, నువ్వే ఉరుకుతున్నవ్, నువ్వే నిలబడ్తున్నవ్? ఒక్కదానివే ఏం ఆట?"

"ఫోటో దిగుతున్న."

"తీసేటోడు ఏడి?"

"నేనే."

ఆమె కొడవలి పక్కన పెట్టి మరీ నవ్వింది. తీయనా అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. ఆట బాగుందని కాబోలు.

ఎండ ముదిరాక వేపచెట్టు నీడకు చేరేసరికి అక్కడ నలుగురు దిగి ఉన్నారు. లోహా తాలూకా మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్తున్న వాఘ్యాలు. చద్దిమూటలు విప్పి తిన్నాక, పెద్దాయన ఎవరూ అడగకుండానే తుణతుణే అందుకున్నాడు. కొయ్యగొట్టానికి అడుగున తోలు, పైన ఒకే ఒక్క తీగ. ఒక తీగతో ఏం సంగీతం అనుకుంటాము గదా! ఆ తీగ స్వరం పలకడమే గాదు, తాళం కూడా అదే పట్టుకుంటుంది. దాని పక్కన అరచేతంత దిమిడి మీద వేళ్ళు చినుకుల్లాగ పడుతున్నాయి. చరణం తిరిగినప్పుడల్లా ఒక గంట. నేను మహారాష్ట్రంలోనే పెరిగినా అభంగాలు, భావగీతాలు విన్నాను గాని, ఈ పాట ఇంత దగ్గరగా ఎన్నడూ వినలేదు. వెనక ఒక స్త్రీ గొంతు కలిపింది, ఆయన మరదలట. (ఆడపిల్లలను ఖండోబాకు మురళీలుగా విడిచిపెట్టే ఆచారాన్ని ఫూలే కాలంనుంచీ సంస్కర్తలు నిరసించారు. ఆచారం పోవలసినదే. ఆ గొంతు మాత్రం పోగూడదు.)

బాణీ నాకు కొత్త. కథ మాత్రం ఎక్కడో విన్నట్టుంది. దేవుడికి ఇద్దరు భార్యలు: పెద్దామె మ్హాళసా వర్తకుల ఆడపడుచు, రెండో ఆమె బానాయి గొర్రెల కాపరుల పిల్ల. ఇద్దరికీ పడదు. నాకు చప్పున మేడలమ్మ, కేతమ్మ గుర్తుకు వచ్చారు. కొమురవెల్లి మల్లన్న పెద్దభార్య బలిజ మేడలమ్మ, చిన్నభార్య గొల్ల కేతమ్మ. మా నాయనమ్మ పేలు చూస్తూ చెప్పిన కథ ఇదే! మరాఠీవారికి ఖండోబా, కన్నడిగులకు మైలారుడు, మనకు మల్లన్న. ఒగ్గుకథలో అయితే పెద్ద డోలు, శివుని డమరుకమైన ఒగ్గు, మధ్యమధ్య మాటలు, వేషాలు. 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్యగారు ఒగ్గు పట్టుకుంటే వేలమంది కూర్చుండిపోయేవారు. ఇక్కడ ఆ ఆర్భాటం లేదు. చెవిలో చెప్పినట్టు చెప్పారు.

పాట అయ్యాక పెద్దాయన సంచీలోంచి పసుపు తీసి నా నుదుట పెట్టాడు. దాన్ని ఏమంటారని మరాఠీలో అడిగాను.

"భండారా, తాయీ."

మా నాయనమ్మ బండారి అనేది. రెండు మాటలకూ మధ్య దూరం ఎంత!

నాలుగున్నరకు మళ్ళీ చేలోకి దిగాను. నుదుటి పసుపు తుడవలేదు. ఈసారి పరుగెత్తలేదు కూడా. పది సెకండ్లలో అందినంత దూరమే నడిచాను. పదునాలుగు తీస్తే ఒకటి కుదిరింది. అందులో నేను గొడుగు దాకా చేరనే లేదు, అందుచేత ముఖం కాస్త మసకగానూ, వెనక కందిపూత తేటగానూ వచ్చింది. అదే పెద్దది చేయించాను. కొన్నవారికి కూడా ఒక ప్రతి ఇచ్చాను. ఇకమీదట ఆ గట్టు వారిది గదా.

మనమడికి తెలుగు సరిగా రాదు. ఫోటో చూసి, నుదుట ఆ పసుపేమిటని మరాఠీలో అడిగాడు. వాడికి వాడి భాషలో మొదలుపెట్టి, నడుమ నడుమ నాయనమ్మ మాటలు వేస్తూ చెబుతున్నాను. రెండు రాత్రులు గడిచాయి. కథ ఇంకా కేతమ్మ గొర్రెల దాకా రాలేదు.