తెర కనపడని అసిస్టెంటు

జూన్ 9, 2025, సోమవారం

పొద్దంతా డిలీట్ టూల్ దగ్గరే గడిచింది. వీడియో ఎడిటింగ్‌లో సాయపడే ఏఐ ఏజెంటు కోసం రాసి ఉన్న పాత వివరణ రెండే మాటలు: "క్లిప్‌ను తొలగిస్తుంది." తొలగించాక ఆ చోటు ఖాళీగా ఉంటుందా, తర్వాతి క్లిప్పులు జరిగి మూసేస్తాయా? ఎడిటర్‌కి ఇది చెప్పక్కర్లేదు. కీ నొక్కగానే టైమ్‌లైన్ మీద కనిపిస్తుంది, నచ్చకపోతే అన్‌డూ. ఏజెంటుకి ఆ తెర లేదు. టూల్ పేరు, వివరణ, ఇవ్వాల్సిన పారామీటర్లు, ఇంతే దానికి తెలిసింది. మేం వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ స్క్రిప్టింగ్‌లో క్లిప్పుల్ని తీసేసే ఫంక్షన్‌కి రెండో ఆర్గ్యుమెంటు ట్రూ ఇస్తేనే రిపుల్, అంటే తర్వాతివి జరిగి మూసేయడం. ఏమీ ఇవ్వకపోతే ఖాళీ మిగులుతుంది.

తిరగరాసింది: "ఇచ్చిన క్లిప్పులను టైమ్‌లైన్ నుంచి తీసేస్తుంది. డిస్కులోని అసలు ఫైళ్ల జోలికి పోదు. రిపుల్ ట్రూ అయితే తర్వాతివి ముందుకు జరుగుతాయి, లేకపోతే ఖాళీ అలాగే ఉంటుంది. కట్‌లు పాట బీట్‌కి కూర్చిన చోట రిపుల్ వాడొద్దు."

ఇందులో రెండో వాక్యం విలువ ఎక్కువ. అది లేకపోతే ఫుటేజీ పోతుందేమోనని ఏజెంటు ప్రతి క్లిప్పుకీ అనుమతి అడుగుతూ కూర్చుంటుంది.

జూన్ 11, బుధవారం

"స్టార్ట్" అని ఒక పారామీటర్. ఎక్కడి స్టార్ట్? షూట్ చేసిన ఫైల్లో ఇన్ పాయింటా, టైమ్‌లైన్ మీద క్లిప్ వాలే చోటా? సెకన్లా, ఫ్రేములా? రిజాల్వ్‌లో టైమ్‌లైన్ మామూలుగా 01:00:00:00 దగ్గర మొదలవుతుంది. కలర్ బార్లకీ లీడర్‌కీ ముందు చోటు ఉంచే టేపుల కాలపు అలవాటు అది. సెకనుకి 25 ఫ్రేముల ప్రాజెక్టులో మొదటి ఫ్రేము నంబరు 90000 అవుతుంది. కానీ మార్కర్ పెట్టే ఫంక్షన్ మాత్రం టైమ్‌లైన్ మొదలు నుంచి, సున్నా నుంచి లెక్కిస్తుంది. పదో సెకను దగ్గర మార్కర్ కావాలంటే 250 ఇవ్వాలి, 90250 కాదు. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు లెక్కలు! ట్రాకుల నంబర్లేమో 1 నుంచి.

పారామీటర్ పేరే మార్చేశాను: "టైమ్‌లైన్ మొదలు నుంచి ఫ్రేములు." పొడుగ్గా, అందం లేకుండా ఉంది. ఉండనీ.

జూన్ 16, సోమవారం

ఎడిటర్ అన్న వచ్చాడు. ఇంటర్వ్యూలో నిశ్శబ్దాలు కత్తిరించే టూల్ చూపించా. వివరణలో అన్నీ ఉన్నాయి: మైనస్ 40 డెసిబెల్స్ కంటే తక్కువ శబ్దం, కనీసం 0.6 సెకన్లు, అటూ ఇటూ వదిలే ఫ్రేములు. చదివి నవ్వాడు. "అన్నీ బాగున్నాయి తమ్ముడూ. మీ నాన్న ఎలా పోయారని అడిగాక ఆవిడ మూడు సెకన్లు మాట్లాడలేదనుకో. దాన్ని తీసేస్తే ఇంక ఇంటర్వ్యూ ఎందుకు?"

నిజమే. టూల్ ఏం చేస్తుందో రాయడం తేలిక. ఎప్పుడు దాని జోలికి పోకూడదో రాయాలంటే కటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నవాడు పక్కన ఉండాలి. ఆయన ఉండగానే చేర్చాను: "స్క్రీన్ రికార్డింగులకి, పాఠాలకి. ఇంటర్వ్యూల్లో ప్రశ్న తర్వాతి నిశ్శబ్దాన్ని తీయొద్దు, మార్కర్ పెట్టి వదిలెయ్యి."

జూన్ 20, శుక్రవారం

అన్న మాట తలకెక్కి ప్రతి టూల్‌కీ ఒక పేజీ రాద్దామనిపిస్తోంది. కుదరదు. ఈ వివరణలన్నీ సంభాషణతో పాటు మోడల్‌కి వెళ్తాయి, కాంటెక్స్ట్‌లో చోటు తింటాయి. అందుకే "ట్రిమ్", "షార్టెన్", "సెట్ అవుట్ పాయింట్" మూడింటినీ కలిపి ఒకటి చేశా. మనిషే తడబడే మూడు దగ్గరి పేర్లలో ఏజెంటు ఏది ఎంచుకుంటుందో ఎవరు చెప్పగలరు?

మోడళ్లకి టూల్స్‌ను కలిపే ప్రమాణంగా ఆంత్రోపిక్ 2024 నవంబరులో తెచ్చిన ఎంసీపీలో, టూల్ దేన్నైనా చెరిపేస్తుందా అని చెప్పే గుర్తు ఒకటుంది. అది సూచనే తప్ప తాళం కాదు. కాబట్టి పెద్ద మార్పుకి ముందు టైమ్‌లైన్ నకలు తీసే పని టూల్ లోపలే పెట్టేశాం, ఏజెంటు విచక్షణకి వదల్లేదు.

టూల్ ఫెయిలైనప్పుడు ఉత్త "ఫాల్స్" పంపితే ఏజెంటు అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంది. "ట్రాక్ 2 లాక్‌లో ఉంది, ముందు అన్‌లాక్ చెయ్యి" అని పంపితే సరిగ్గా చేస్తోంది. రెండర్ టూల్‌కీ అంతే: తిరిగొచ్చేది జాబ్ నంబరు, పూర్తయిన ఫైలు కాదని ముందే రాయాలి.

సోమవారానికి మిగిలింది 29.97 డ్రాప్ ఫ్రేమ్. ప్రతి పదో నిమిషం తప్ప మిగతా నిమిషాల మొదట్లో 00, 01 నంబర్లు దాటేస్తారు, ఫ్రేములు మాత్రం ఒక్కటీ పోవు. ఇది ఏజెంటుకి వివరించే ఓపిక నాకు లేదు. టైమ్‌కోడ్ తీసుకోవడం మానేసి, అన్ని టూల్స్‌లోనూ ఫ్రేము లెక్కే అడుగుదాం.