ముసుగు లేని యంత్రం

సైకిలుకు దాచుకునేదేమీ లేదు. మోటారు వాహనం తన పనితీరునంతా రేకు కింద కప్పుకుంటే, సైకిలులో పెడలు పళ్ళచక్రాన్ని తిప్పడం, పళ్ళచక్రం గొలుసును లాగడం, గొలుసు వెనుక చక్రాన్ని పరుగెత్తించడం వీధిలో నిలబడి చూసే పిల్లవాడికి సైతం అర్థమవుతాయి. గొలుసుకు రేకు తొడుగు వేసిన సైకిళ్ళూ ఉన్నాయి గాని, ఆ తొడుగు పంచె అంచులను కాపాడడానికే. ఏ భాగాన్ని ఊడదీసి పక్కన పెట్టినా అది సైకిలుదేనని పోల్చుకోగలగడం ఈ బాహాటపు నిర్మాణం వల్లనే సాధ్యమైంది. 20వ శతాబ్దపు కళాకారులకు సైకిలు వేగం కంటే ఈ గుణమే ఎక్కువ అక్కరకు వచ్చింది.

వేగాన్ని పట్టుకోబోయినవారూ లేకపోలేదు. ఇటలీలో యంత్రయుగపు వేగాన్ని కీర్తించిన ఫ్యూచరిస్టు చిత్రకారుడు ఉంబెర్తో బొచ్చోని 1913లో సైకిలు తొక్కేవాణ్ణి మనిషీ యంత్రమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేట్టు చిత్రించాడు. అదే ఏడాది పారిస్‌లో మార్సెల్ డ్యుషాం టైరు లేని చక్రాన్ని, దానిని పట్టి ఉంచే ఫోర్కుతో సహా తలకిందులుగా ఒక స్టూలు మీద బిగించి, చలిమంటను చూస్తూ కూర్చునే మనిషిలా అది తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. బజారులో దొరికే వస్తువును ఎంచుకోవడమే కళాకారుని పని అనే ఈ పద్ధతికి ఆయన న్యూయార్క్ చేరాక రెడీమేడ్ అని పేరు పెట్టాడు. మొదటి చక్రం దక్కలేదు. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నది 1951లో మళ్ళీ చేసినది.

ఆ చక్రంలో నిజంగానే చూడదగినది ఉంది. ఎడ్లబండి చక్రంలో ఆకులు, అంటే నడిమి కుండకూ అంచుకూ మధ్య ఉండే కర్రలు, ఒత్తిడిని భరించి బరువు మోస్తాయి. సైకిలు స్పోకులు సన్నని తీగలు కనుక ఒత్తిడికి ఊరికే వంగిపోతాయి. వాటిని అన్ని వైపులా సమానంగా బిగించి లాగి ఉంచితేనే చక్రం గుండ్రంగా నిలిచి మనిషిని మోస్తుంది. చక్రానికి బెండు తీసే మెకానిక్ కూడా సైకిలును తలకిందులు చేసి, చేత్తో చక్రం తిప్పి, అది ఎక్కడ పక్కకు ఒరుగుతున్నదో కనిపెడుతూ ఒక స్పోకును బిగించి మరొకదానిని వదులు చేస్తాడు. డ్యుషాం చూసిన దృశ్యం ఇతనికి రోజూ ఉండేదే, కాకపోతే ఇతని చూపుకు కూలి గిడుతుంది.

జర్మనీలో డెసావు పట్టణంలోని బౌహౌస్ కళాశాలలో డిజైనరు మార్సెల్ బ్రాయర్ 1925లో తన సైకిలు హ్యాండిలును చూసి, ఉక్కు గొట్టాన్ని అలా వంచగలిగినప్పుడు కుర్చీకి కర్ర ఎందుకని ఆలోచించాడు. తరువాత వాసిలీ కుర్చీగా పేరుపడిన ఆసనం ఆ ఆలోచన నుంచి పుట్టింది. సైకిలు మాదిరిగానే ఆ కుర్చీ కూడా తన ఎముకల గూడును బయటికే చూపుతుంది.

పికాసో 1942లో, పారిస్ జర్మన్ సేనల ఆక్రమణలో ఉండగా, తోలు సీటుకు హ్యాండిలును కొమ్ములుగా తగిలించి ఎద్దు తల చేశాడు. చూసినవారికి ఎద్దుతో పాటు సైకిలు కూడా కనిపించాలన్నది ఆయన కోరిక. ఎవరైనా ఏనాటికైనా ఆ తలను విప్పి మళ్ళీ సైకిలుకు బిగించుకున్నా తనకు సంతోషమేనని అనేవాడు. దానికి కంచు పోతలూ పోశారు. కంచు సీటును ఏ సైకిలుకూ బిగించలేరు. తోలు సీటుతో చేసిన అసలు తల మాత్రం పారిస్‌లోని పికాసో మ్యూజియంలో ఉంది.