కొహిమా గుట్టపై టెన్నిస్ కోర్టు

1944 ఏప్రిల్ నుంచి జూన్ వరకు జపాన్ సేనకూ బ్రిటిష్ ఇండియా సైన్యానికీ మధ్య పోరు సాగిన కొహిమాలోని గారిసన్ హిల్ నేడు మెట్లుమెట్లుగా చదును చేసిన పచ్చికతో, కంచు పలకలు తాపిన రాళ్ల వరుసలతో కనిపిస్తుంది. అందులో ఒకచోట, అప్పటి డిప్యూటీ కమిషనర్, అంటే జిల్లా పాలనాధికారి, బంగ్లాకు చెందిన టెన్నిస్ కోర్టు హద్దులను తెల్లని కాంక్రీటు గీతలతో నిలిపి ఉంచారు; ఆ కోర్టుకు చెరోవైపు కందకాల్లో పొంచి, చేతిబాంబులు విసురుకునేంత దగ్గరలో ఇరుపక్షాలూ రోజుల తరబడి పోరాడిన తీరు ఎన్ని పుస్తకాలు చదివినా ఊహకందదు గానీ, ఆ గీతల మధ్య దూరం చూస్తే ఇట్టే బోధపడుతుంది.

యుద్ధంలో మరణించిన సైనికుల ఈ శ్మశానంలో 1,420 సమాధులుండగా, దహన సంస్కారం జరిగినందున సమాధులు లేని 917 మంది హిందూ, సిక్కు సైనికులకు గుట్ట పైభాగాన వేరొక స్మారకం ఉంది. కోర్టు దగ్గరే ఫొటో దిగి వెనుదిరిగే యాత్రికుడు అక్కడిదాకా ఎక్కకపోతే, స్వదేశీయులనే చూడకుండా వచ్చినట్టు.

జపాన్ పక్షాన పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజ్, అంటే సుభాష్ చంద్ర బోస్ నాయకత్వంలోని సేన, జాడ వెతికేవారు మణిపూర్‌లోని మొయిరాంగ్ మ్యూజియానికి వెళ్లాలి. 1944 ఏప్రిల్ 14న ఆ సేన జెండా ఎగిరింది అక్కడే. కొహిమా ఉన్న నాగాలాండ్‌కూ, మణిపూర్‌కూ వెళ్లే బయటి పౌరులు ఇన్నర్ లైన్ పర్మిట్ అనే ప్రవేశానుమతి ముందుగానే తీసుకోవాలి.