వెనకవైపు ఫొటో ఉందా అండీ?

విగ్రహం చేయించుకోవడానికి మా షెడ్డుకొచ్చినవాళ్ళను నేను మొదట అడిగే మాట అది. డబ్బు సంగతి తర్వాత. ఫ్లెక్సీకయితే ముఖం ఒక్కటి చాలు. విగ్రహం అట్లా కాదు. సెంటర్లో నిలబెట్టాక బస్సు దిగినవాళ్ళలో సగం మంది దాని వీపే చూస్తారు. జుట్టు మెడమీదికి ఎంతవరకు దిగేది, చెవులు తలకు అంటుకుని ఉండేవా విడిగా ఉండేవా, ఊరికే నిలబడితే ఏ భుజం వాలేది, ఇవన్నీ నాకు కావాలి. ముప్పై ఏళ్ళ నుంచి అడుగుతున్నా, వెనకవైపు ఫొటో తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. సినిమావాళ్ళతో మరీ కష్టం. వేల ఫొటోలుంటాయి, అన్నీ ఎదురుగా తీసినవే. అన్నీ స్టూడియో లైట్ల కింద ముక్కు నీడ కూడా పడకుండా తీసినవే. నీడ లేకపోతే ముఖంలో ఎత్తుపల్లాలు తెలియవు. పైగా విగ్గు.

మాది తెనాలి. నాన్న దగ్గర మట్టి తొక్కుతూ పని నేర్చుకున్నాను. అప్పట్లో మా పనంతా గుడి గోపురాల మీద బొమ్మలు, సిమెంటు గాంధీలు. సినిమా మనిషిని మొదట చేసింది ఎన్టీఆర్‌నే. 1996 జనవరి 18, గురువారం. పొద్దున్నే వార్త తెలిసింది. హైదరాబాదులో లాల్‌బహదూర్ స్టేడియంలో ఆయన్ని ఉంచారని విని మా వీధి కుర్రాళ్ళు దొరికిన బండెక్కి వెళ్ళిపోయారు. మూడోరోజుకల్లా మా షెడ్డు ముందు రెండు కార్లు ఆగాయి. దిగినవాళ్ళ కళ్ళు వాచి ఉన్నాయి. నోట్లకట్ట తీసి బల్లమీద పెట్టారు. నాన్న దాన్ని తీసి వాళ్ళ చేతికే ఇచ్చేశాడు. “పెద్దకర్మ కానివ్వండి బాబూ, తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు. వాళ్ళు వెళ్ళాక నేను ఎగిరిపడ్డాను. “ఏడుస్తున్నవాడి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుంటే బొమ్మ సగంలో ఆగుతుందిరా” అన్నాడు. పెద్దకర్మ తర్వాత ఒక్క కారే తిరిగొచ్చింది. ఆ కట్టుబాటు నేనూ తప్పలేదు, ఒక్కసారి తప్ప. ఆ సంగతి చెబుతాను.

ఎన్టీఆర్‌ను చెయ్యాలంటే ఏ ఎన్టీఆర్ అన్నదే పేచీ. అభిమాన సంఘం వాళ్ళకు కిరీటం, నెమలిపింఛం, పిల్లనగ్రోవి కావాలి. పార్టీవాళ్ళకు చెయ్యెత్తిన మనిషి కావాలి. ఆడవాళ్ళు నోరు తెరిచి అడగరు గానీ, అడిగిస్తే రాముడంటారు. ఒక ఊరివాళ్ళు మా షెడ్డులోనే రెండు జట్లుగా చీలిపోయి, పొద్దు గూకేదాకా వాదించుకుని, చివరికి రెండూ చేయించుకున్నారు. కృష్ణుడు రామాలయం పక్కన, చెయ్యెత్తినాయన పంచాయతీ ఆఫీసు ఎదురుగా. ఎన్నికల కోడ్ వస్తే నాయకుల విగ్రహాలకు గుడ్డ చుడతారు కదా, ఆ ఊళ్ళో చెయ్యెత్తినాయనకు చుట్టి కృష్ణుణ్ణి వదిలేశారు. నవ్వొస్తుంది గానీ, 2023లో ఖమ్మం లకారం చెరువులో 54 అడుగుల ఎన్టీఆర్‌ను కృష్ణుడి రూపంలో నిలబెట్టబోతే, దేవుడికి మనిషి ముఖం పెడతారా అని కొందరు కోర్టుకెక్కారు. హైకోర్టు స్టే ఇచ్చింది. ఎవరి పక్షం ఎట్లా ఉన్నా, ఒక నటుడి వేషం కట్టడం మీద దేవుడి తరఫున కోర్టులో వాదన జరిగిందంటే, నా దృష్టిలో ఆ నటుడికి అంతకు మించిన సన్మానపత్రం లేదు.

హీరో కృష్ణగారిది ఇంకో కథ. బుర్రిపాలెం మాకు సైకిల్ దూరం. 2022 నవంబరు 15న తెల్లవారుజామున ఆయన పోయారు. భౌతికకాయం ఇంకా నానక్‌రామ్‌గూడ ఇంట్లోనే ఉంది, పద్మాలయా స్టూడియోకు తేవడం మర్నాడు. నాకు అప్పటికే ఫోన్లు మొదలయ్యాయి. మర్నాడు మహాప్రస్థానంలో పోలీసులు తుపాకులతో వందనం చేస్తుంటే టీవీ ముందు కూర్చుని ఫోను సైలెంటులో పెట్టుకున్నాను. పెద్దకర్మ అయ్యాక వచ్చారు. ఒకడికి ‘మోసగాళ్ళకు మోసగాడు’ కౌబాయ్ టోపీ కావాలి, ఇంకొకడికి ‘అల్లూరి సీతారామరాజు’ విల్లు కావాలి. వాళ్ళ ప్రేమ వాళ్ళది, నా బాధ నాది. టోపీ అంచు కింద అచ్చు పట్టదు, ముక్కలు ముక్కలుగా తియ్యాలి. వానొస్తే ఆ అంచులో నీళ్ళు నిలిచి కాకులు స్నానం చేస్తాయి. విల్లయితే జయంతికి ఒకసారి, వర్ధంతికి ఒకసారి దండ వెయ్యడానికి నిచ్చెన ఆనించి వంకర తిప్పుతారు. ఇదంతా చెబితే ఇద్దరూ తెల్ల చొక్కాకు ఒప్పుకున్నారు. టోపీ కుర్రాడు మాత్రం అలిగాడు. 2023 మే 31న కృష్ణగారి పుట్టినరోజుకు ‘మోసగాళ్ళకు మోసగాడు’ మళ్ళీ థియేటర్లలో వేస్తే, ఆ కుర్రాడు టోపీ పెట్టుకుని నాకు సెల్ఫీ పంపాడు. ఆ ఏడే నవంబరులో విజయవాడలో కృష్ణగారి విగ్రహాన్ని కమల్ హాసన్ వచ్చి ఆవిష్కరించారు. తోటి నటుడు అంత దూరం నుంచి వచ్చి ముసుగు లాగాడంటే అభిమానులకు అదే పెద్ద పండగ. ముసుగు లాగేటప్పుడు ముడి పడకుండా తాడు కట్టే బాధ్యత మాలాంటి వాళ్ళది. దాని గురించి ఎవరూ రాయరు.

పని ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ముందు ఇనుపచువ్వలతో మనిషి ఒడ్డూపొడుగూ చట్రం కడతాం, దానికి గోనెపట్టా, తాడు చుట్టి బంకమట్టి ఎక్కిస్తాం. ఒళ్ళు వారంలో అయిపోతుంది. ముఖం నెల తింటుంది. అందులో కళ్ళు. కంచుకు నలుపూ తెలుపూ లేవు కాబట్టి కనుపాప ఉండాల్సిన చోట గుంట తవ్వుతాం, పైన మినపగింజంత మట్టి వదిలేస్తాం. ఆ గుంటలో పడ్డ నీడే నల్లగుడ్డు, ఆ గింజ మీద పడ్డ వెలుగే చూపు. గింజ నూలుపోగంత పక్కకు జరిగితే మనిషి మెల్లకన్ను వేసినట్టుంటాడు. మట్టి ఒప్పుకున్నాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, డబ్బున్నవాళ్ళకు మైనం పోతతో కంచు, లేనివాళ్ళకు ఫైబర్. అచ్చు తీశాక మట్టిని పగలగొట్టి తిరిగి తొట్టిలో నానేస్తాం. మా తొట్టిలో మట్టి నాన్న నాటిది. అందులోంచి ఎంతమంది లేచారో, ఎంతమంది మళ్ళీ అందులోకే దిగారో!

కట్టుబాటు తప్పిన సంగతి. ఒక పెద్ద హీరో పోయిన వారంలోనే ఒక అభిమాన సంఘం వాళ్ళు వచ్చి నా కాళ్ళ మీద పడినంత పని చేశారు. నేనూ ఆ హీరో సినిమాలు చూసి పెరిగినవాణ్ణే, మెత్తబడ్డాను. సగం డబ్బు తీసుకుని తొమ్మిదడుగుల ఫైబర్ బొమ్మ చేశాను. అప్పటికే 2013 జనవరిలో సుప్రీంకోర్టు, రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్తగా విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని చెప్పి ఉంది. వాళ్ళు అనుకున్న సెంటర్ దొరకలేదు. సొంత స్థలం కొనే స్తోమత లేదు. సంఘం రెండయింది, నా బాకీ ఏ సంఘానిదో తేలలేదు. ఆ బొమ్మ ఇప్పటికీ షెడ్డు మూల పట్టా కప్పుకుని నిలబడి ఉంది. ఏ హీరోనో చెప్పను. మా పనివాడు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పట్టా తొలగించి ఎదురుగా కూర్చుంటాడు, వాడికి ఆ హీరో అంటే పిచ్చి.

ఇక నేను చెప్పాలనుకున్నది వేరే మనిషి సంగతి. ఆయన పేరూ రాయను, ఇంటివాళ్ళు వద్దన్నారు. గుమ్మడి, జగ్గయ్య, సావిత్రి, కృష్ణ, ఈ చుట్టుపక్కల మట్టిలోంచే సినిమాకు వెళ్ళారు. స్థానం నరసింహారావు లాంటివాళ్ళు తిరిగిన ఊరు మాది. ఆ దారినే వెళ్ళిన చిన్న నటుడు ఈయన. నాటకాల్లో పేరున్న కృష్ణుడు, సినిమాల్లో మాత్రం కరణం, జడ్జి, పెళ్ళికూతురి తండ్రి. పోయిన రోజున టీవీలో కింద అక్షరాలు రెండు గంటలసేపు తిరిగాయి, అంతే. ఊరివాళ్ళు చందా వేసుకుని స్కూలు ఆవరణలో నిలబెడతామన్నారు. “జడ్జి కోటు వేయించండి, నిండుగా ఉంటుంది” అన్నాడు ప్రెసిడెంటు. ఆయన భార్య అప్పటిదాకా నోరు విప్పలేదు. “ఆ కోటు కంపెనీది బాబూ. షూటింగ్ కాగానే విప్పి ఇచ్చేసి వచ్చేవారు” అంది. ఇంకెవరూ కోటు మాట ఎత్తలేదు. పంచె, పొడుగుచేతుల చొక్కా ఖాయమయ్యాయి.

వాళ్ళు తెచ్చిన ఫొటో సంతాపం ఫ్లెక్సీది. కంప్యూటర్లో ముడతలన్నీ తుడిచేసి పాలవాడి కేలండర్లా చేశారు. నేను ఫోన్లో ఆయన సినిమాలు పెట్టుకుని రాత్రిళ్ళు ఆపి ఆపి చూశాను. అప్పుడు తెలిసింది. హీరో మాట్లాడుతుంటే కెమెరా ఎవరి భుజం వెనకనుంచి హీరోను చూస్తుందో, ఆ భుజం ఈయనది. హీరోలవి దొరకని వెనకతల, ఈయనది ప్రతి సినిమాలో ఉంది. చెవి వెనక మడత, పిలక దగ్గర సుడి, మెడ మీద రెండు గీతలు, ఎంత కావాలంటే అంత. నా పనిలో వెనకవైపు నమూనా చూసి చేసిన విగ్రహం అదొక్కటే. ఆయన భార్యకు ఫోన్లో ఆ షాట్లు చూపిస్తే చాలాసేపు చూసింది. “ఇన్నాళ్ళూ హీరోనే చూశామయ్యా ఇక్కడ” అంది.

మట్టి ముఖం ఒక దారికొచ్చాక, హైదరాబాదు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పాతికేళ్ళు ఆయనకు మేకప్ వేశాడట. కళ్ళకు ఆపరేషన్ అయింది, చూపు సరిగా ఆనడంలేదు. “ముట్టుకోవచ్చా?” అని అడిగి, రెండు చేతులూ తడి చేసుకుని, నుదుటి మీదనుంచి బొటనవేళ్ళు కిందికి దించాడు. నేను ఎవరినీ మట్టి ముట్టనివ్వను. ఆయన చేతుల్ని చూసి ఊరుకున్నాను. కుడి దవడ దగ్గర ఆగాడు. “ఇక్కడ ఎక్కువైంది అబ్బాయ్. ఈ పక్క పళ్ళు పోయి గుంట ఉండేది. రోజూ నేను ఇక్కడ లేతరంగు పెట్టి నింపేవాణ్ణి. నువ్వు నా మేకప్‌ని చేశావు, ఆయన్ని చెయ్యలేదు” అన్నాడు. చెక్కాను. ఆయన మళ్ళీ తడిమి, ఇంకాస్త అన్నాడు. మళ్ళీ చెక్కాను. మూడోసారి ఏమీ అనలేదు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు.

అచ్చు తీసే ముందురోజు సాయంత్రం నాటకాలవాళ్ళు నలుగురొచ్చారు. వాళ్ళలో ఒకాయన దుర్యోధనుడు. నలభై ఏళ్ళు ఈయన కృష్ణుడికి ఎదురు నిలిచి పద్యం పాడిన మనిషి. హార్మోనియం కూడా ఆటోలో వేసుకొచ్చారు. నాకు అర్థమై కుర్చీలు వేయించాను. రాయబారం పడకసీను తెలియని వాళ్ళు మా వైపు ఎవరుంటారు? కృష్ణుడు పడుకుని ఉంటాడు, దుర్యోధనుడు తలవైపు కూర్చుంటాడు, లేచేదాకా కాచుకోవాలి. ఆయన స్టూలు లాక్కుని మట్టిబొమ్మకు తలవైపు అనుకున్న చోట కూర్చుని, మీసం మీద చెయ్యేశాడు. హార్మోనియం ఆయన శ్రుతి కలిపి, కృష్ణుడి పద్యం వరసను మొదలుపెట్టాడు. షెడ్డులో ఉన్న మాకందరికీ ఆ పద్యం నోటికొచ్చు. ఎవరం నోరు మెదపలేదు. రాగం తనంతట తాను సాగింది, ఎక్కడ ఆపి వన్స్‌మోర్ కోసం జనం వంక చూసేవాడో అక్కడ ఆగింది, మళ్ళీ సాగింది. దుర్యోధనుడు మాత్రం తన వంతు కోసం బొమ్మ ముఖం వైపే చూస్తూ, ఉండాల్సిన చోటల్లా తల ఊపుతున్నాడు.

ఎండాకాలం. చెవి అంచున మట్టి తెల్లబడుతోంది, ఆరితే పగులుతుంది. తడిగుడ్డ తీసుకుని బొమ్మ మీద కప్పబోయాను. ఆయన మీసం మీద చెయ్యి తియ్యకుండానే రెండో చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండు నాయనా, ఇంకా ఆయన పద్యం అవలేదు.”

గుడ్డ చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నీళ్ళు నా కాళ్ళ మీద కారుతున్నాయి.