పెద్దాయన జీపు

మన సంఘ పెద్దగారి పాకలో గడ్డిమోపుల వెనక పడివున్న జీపు ఏమైందని చాలామంది అడుగుతున్నారు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత అమ్మగారు, "అయ్యగారూ, పాత ఇనుముకి వెయ్యడానికి మనసొప్పట్లేదు, మీరే ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు. యవనస్థులమూ, మెకానిక్ పని తెలిసిన ఒక సహోదరుడూ, మేమంతా కలిసి ఎనిమిది నెలలుగా ప్రతి సోమవారం దాని దగ్గరే ఉంటున్నాం.

యుద్ధం అయ్యాక జనం కోసం చేసిన విల్లీస్ జీపులకు ముందు భాగంలో ఏడు నిలువు సందులుంటాయి. దీనికి తొమ్మిది. అంటే ఇది రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ ఎంబీ. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 1941-45 మధ్య ఇలాంటివి 6 లక్షలకు పైగా చేశాయి. నీలం రంగు గీకితే ఎరుపు, ఎరుపు గీకితే మిలిటరీ పచ్చ బయటపడింది.

60 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను. పిస్టన్లు పట్టేసి ఉన్నాయి. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి వారాల తరబడి వదిలేశాం. బలవంతం చేస్తే విరిగేవే. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, పొయ్యాలంటే డ్రైవరు లేవాల్సిందే. మాకు అన్నిటికంటే నచ్చింది హెడ్‌లైటు. మర వదులు చేసి వెనక్కి తిప్పితే అది ఇంజను మీద వెలుగు పడేస్తుంది. సెల్‌ఫోను టార్చి పళ్ల మధ్య పట్టుకుని రిపేరు చేసినవాళ్లకు తెలుస్తుంది దాని విలువ.

గొడవంతా వెనక వచ్చింది. వెనక భాగంలో పెద్దాయన ఒక ఇనుప చట్రం వెల్డింగు చేయించారు. కొండమీది గూడేల నుంచి డోలీలో దించిన రోగిని, ఆ నులకమంచంతో సహా, దాని మీదకెక్కించి కట్టేవారు. హైదరాబాదు నుంచి పాత బండ్లు కొనే ఆయనొకరు వచ్చి, మంచి ధరే చెప్పారు గానీ, చట్రం కోసేసి అసలు రూపానికి తెమ్మన్నారు. మా కుర్రాళ్లలో సగం మంది సరేనన్నారు. మందిరం రేకులు కారుతున్నాయి, ఆ డబ్బు అవసరమే. మేమూ ఆ మాట కొట్టిపారెయ్యలేదు.

అయితే అసలు రూపమంటే ఏది? అదే యుద్ధంలో చాప్లెయిన్లు ఇలాంటి జీపుల బానెట్ మీద తెల్లగుడ్డ పరిచి బల్ల ఆరాధన జరిపించిన ఫొటోలున్నాయి. 1945లోనే విల్లీస్ వాళ్లు నాగలి లాగే రైతు జీపు కూడా తెచ్చారు. యెషయా రెండో అధ్యాయం చదివినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఈ బండి యుద్ధంలో ఉన్నది మహా అయితే నాలుగేళ్లు, మన కొండదారుల్లో తిరిగింది అంతకు ఎన్నో రెట్లు. అమ్మగారు ఆ చట్రం మీద చెయ్యి వేసి, "మా రెండో కోడలు పురుడు దీని మీదే" అన్నారు. కటింగు మిషను తెచ్చిన కుర్రాడే దాన్ని తిరిగి తీసుకెళ్లిపోయాడు.

రేకులకు వేరే దారి చూస్తున్నాం. పచ్చరంగు వేశాం, చట్రానికి కూడా. కాగితాల పని ఇంకా మిగిలివుంది. ముందు ఎడమ చక్రం బ్రేకు పట్టేస్తోంది, వానలు పడేలోగా సిలిండరు మార్చాలి. పైగూడెం వాళ్లు ఇప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లారు.