కోనసీమలో ఒక ఓటమి

రాజమహేంద్రవరం నుంచి కోనసీమకు వెళ్ళేవారికి రెండు దారులున్నాయి. తొందరగలవారు జాతీయ రహదారి పట్టుకుని, గౌతమి మీద వంతెన దాటి, రావులపాలెంలో అరటిగెలల సంత చూసుకుంటూ పోతారు. తొందర లేనివారు గోదావరి గట్టునే ధవళేశ్వరం వెళ్ళి, కాటన్ బ్యారేజీ మీదుగా బొబ్బర్లంకలో అడుగుపెడతారు. పండుగ ప్రయాణానికి రెండో దారే మంచిది. కుడివైపు సముద్రంలా నిండిన నీళ్ళు, ఎడమవైపు ఇసుక తిన్నెలు, మధ్యలో మనం. కోనసీమ ఎలా పుట్టిందో ఆ వంతెన మీద అరగంట నిలబడితే ఎవరూ చెప్పకుండానే బోధపడుతుంది.

1839లో కోరంగి తుఫాను, దానికి ముందూ వెనకా కరువులు. ఇన్నిటితో చితికిపోయిన జిల్లా ఇది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ దాని తరవాత, ఇరవయ్యో శతాబ్దంలో కట్టినదే అయినా, కాటన్ పేరే నిలిచింది. దీని కాలవల కింద సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. ఆనకట్ట దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలిపోతుంది. ఆ రెంటి నడుమ చిక్కిన ముక్కే కోనసీమ. 2022 ఏప్రిల్ నుంచి అది వేరే జిల్లా కూడా అయింది.

కోనసీమలో ఊరు ఎక్కడ అయిపోయి తోట ఎక్కడ మొదలవుతుందో కొత్తవారికి తెలియదు. కొబ్బరి చెట్ల కింద అరటి, అరటి పక్కన కాలవ, కాలవ పక్కన మళ్ళీ ఊరు. సంక్రాంతికి వెళ్ళారా, ప్రతి ఊళ్ళోనూ మూడు రకాల సందడి వుంటుంది. మొదటిది ఇళ్ళ ముందు ముగ్గులూ గొబ్బెమ్మలూను. రెండోది తోటల్లో కోడిపందాలు. చట్టం ఒప్పుకోదు, ఏటా హెచ్చరికలు చేస్తారు, ఏటా జనం మూగుతూనే వుంటారు. మూడోది చెడుగుడు. పత్రికల్లో మొదటి రెండింటికీ బొమ్మలు పడతాయి. మూడోదాన్ని గురించి రాసేవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలూను.

మా మేనమామగారి ఊరు అమలాపురానికి దగ్గరలోనే. ఊరి పేరు చెప్పను; ఓడినవాళ్ళ ఊరు గదా! ఆ ఊళ్ళో ఏటా సంక్రాంతికి ఇరవై యేళ్ళ లోపు కుర్రాళ్ళకు చెడుగుడు పోటీలు పెడతారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఎనిమిది జట్లు వస్తాయి. బడి వెనక ఖాళీ స్థలంలో మట్టి దున్ని, పొట్టు కలిపి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి బరి తయారు చేస్తారు. చుట్టూ కొబ్బరితాడు. తాడు వెనక ఊరంతా. ఆడవాళ్ళకు బడి అరుగులు, పిల్లలకు గోడలు, పెద్దలకు కుర్చీలు. మైకులో చెప్పేవాడికి మాత్రం ఏ చోటూ చాలదు.

చెడుగుడు తెలియని తెలుగువాడు వుండడు గాని, పట్నంలో పెరిగిన పిల్లల కోసం రెండు ముక్కలు చెబుతాను. రెండు పక్కలా ఏడేసి మంది. ఒకడు కూత పెట్టుకుంటూ అవతలివాళ్ళ బరిలోకి వెళ్ళాలి. ఎంతమందిని ముట్టుకుని వెనక్కి వస్తే అన్ని పాయింట్లు. ముట్టినవాళ్ళు బయటికి పోతారు. పట్టుబడితే వీడే పోతాడు. పట్టిన వాళ్ళను ఈడ్చుకుంటూ నడిమి గీత మీద వేలు పెట్టగలిగితే చాలు, పట్టినవాళ్ళంతా ఔటు. ఏడుగురూ పోతే జట్టు మొత్తం పోయినట్టు. అవతలివాళ్ళకు అదనంగా రెండు పాయింట్లు. ఇంతే ఆట. బంతి లేదు, బ్యాటు లేదు. కావలసినది దమ్ము, నేల, ఏడుగురి మధ్య పొత్తు.

సంక్రాంతినాడు సాయంత్రం సెమీఫైనలు. మా ఊరి కుర్రాళ్ళకీ, గోదావరి మధ్య లంక నుంచి పడవ దాటి వచ్చిన కుర్రాళ్ళకీ పోటీ. మావాళ్ళకు ఎర్ర బనీన్లు, వాటి మీద అంకెలు. లంకవాళ్ళకు ఒకే రంగు బనీన్లయినా లేవు. వాళ్ళను చూసి మా గోడమీద పిల్లలు ముందే గెలుపు చాటేశారు.

మొదటి సగంలో ఆ చాటింపు నిజమే అనిపించింది. మా జట్టులో పొడుగాటి కుర్రాడొకడున్నాడు. వాడి కూత సన్నగా, తెగకుండా, తుమ్మెద నాదంలా సాగుతుంది. కాలు చాపితే ఎదుటివాడి మోకాలి దగ్గరుంటుంది. వాడొక్కడే ఎనిమిది పాయింట్లు తెచ్చాడు. విరామానికి మావాళ్ళకు పద్దెనిమిది, లంకవాళ్ళకు పదకొండు. అరుగుల మీదనుంచి పెద్దావిడ ఒకరు అరిసెలు పంపించారు. మా జట్టు అరిసెలు తింటూ చుట్టాలతో మాట్లాడుతోంది. లంక జట్టు మాత్రం బరి అవతల గుండ్రంగా కూర్చుని, వేలితో మన్నులో ఏవో గీతలు గీసుకుంటోంది.

నా పక్క కుర్చీలో ఒక ముసలాయన చుట్ట ముట్టించబోయి ఆగాడు.

“ఏవండీ, తవరు రాజమండ్రి నించాండి?” అన్నాడు.

“అవునండి.”

“ఇహ చూడండి, ఆట ఇప్పుడుంది. మనవాళ్ళు పండక్కొచ్చేరండి. ఆళ్ళు ఆటకొచ్చేరండి, ఆయ్!”

ఆయన మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తరవాత విచారిస్తే తెలిసింది. మా ఏడుగురిలో ఇద్దరు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నారు. ఒకడు హైదరాబాదులో కొట్లో పని చేస్తున్నాడు. ఒకడు విశాఖపట్నంలో హాస్టల్లో వుంటాడు. మిగతా ముగ్గురే ఊళ్ళో వున్నవాళ్ళు. ఏడుగురూ ఒక్క బరిలో కలిసింది భోగికి ముందు రోజున! లంక కుర్రాళ్ళు ఏడాది పొడుగునా పొద్దుగూకే వేళ గోదావరి ఇసకలో ఆడుకునేవాళ్ళే. మెత్తని ఇసకలో ఆడిన కాలికి గట్టినేల మీద రెక్కలొస్తాయిట.

రెండో సగంలో లంకవాళ్ళు కొత్తగా ఏమీ చెయ్యలేదు. చేతులు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడ్డారు. మా పొడుగాటి కుర్రాడు వచ్చినప్పుడల్లా ఇద్దరు వెనక్కి తగ్గి దారి ఇచ్చారు. జనం “లోపలికెళ్ళరా!” అని కేకలు. వాడు లోపలికి వెళ్ళాడు. గొలుసు మూసుకుంది. మరొకడు వెళ్ళాడు, మళ్ళీ గొలుసు మూసుకుంది. ఏడు పాయింట్ల ఆధిక్యం వున్నవాడు బరి అంచున నిలబడి కూత పూర్తిచేసుకు రావచ్చు. కాని చుట్టూ మన ఊరివాళ్ళు, మేనత్తలు, మేనమామలు, అరుగు మీద పట్నం నుంచి వచ్చిన మరదళ్ళు! ఊరికే వెనక్కి రావడానికి ఎవరికి కాలాడుతుంది? పొరుగూళ్ళో అయితే నిదానంగా ఆడి గెలిచేవాళ్ళేమో. సొంత ఊళ్ళో ఆడినందువల్ల వచ్చిన చిక్కు ఇది. మా ఏడుగురూ పోయారు. జట్టు తిరిగి లేచేసరికి లెక్క సమానమయింది.

ఆఖరి నిమిషం. మావాళ్ళకు ఇరవై యేడు, వాళ్ళకు ఇరవై యెనిమిది. పొడుగాటివాడు కూతకు వెళ్ళాడు. ఒకణ్ణి ముట్టుకున్నాడు. ఇద్దరు వాడి కాళ్ళు పట్టారు. బోర్లా పడ్డాడు. పడి, పాకి, చెయ్యి చాపాడు. గీతమీద వేలు పడిందా, రెండు పాయింట్లు వచ్చి ఇరవై తొమ్మిదితో మేమే గెలిచినట్టు. మైకు కూడా మాట్లాడ్డం మానేసింది. కూత సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. రిఫరీ ఈల వేసి లంకవాళ్ళ వైపు చెయ్యి చూపించాడు. ఇరవై యేడు, ఇరవై తొమ్మిది.

తాడు తెగింది. నిజంగానే తెగింది, జనం ఒక్కసారిగా బరిలోకి వచ్చిపడ్డారు. “తాకాడు, నేను చూశాను!” అన్నవాళ్ళు ఏభైమంది. వాళ్ళలో ముప్ఫైమంది బడి అవతలివైపున నిలబడినవాళ్ళే. రిఫరీ పొరుగూరి డ్రిల్లు మాస్టరు. ఆయన్ని చుట్టుముట్టారు. ఒకాయన చొక్కా చేతులు కూడా మడిచాడు. లంక కుర్రాళ్ళు ఒక మూలకు జరిగి నిలబడ్డారు. వాళ్ళు పడవ దాటి ఇంటికి వెళ్ళవలసినవాళ్ళు, చీకటి పడుతోంది.

అప్పుడు ఆ పొడుగాటివాడు లేచాడు. మోచేతులు చీరుకుపోయి, మొహమంతా మట్టి. పెద్దల మధ్యకు వచ్చి, “తాకలేదండి. ఇంకా ఇంత వుందండి” అని నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించాడు. అంతే! చొక్కా చేతులు మడిచినాయన మళ్ళీ విప్పుకున్నాడు. కొడుకే కాదన్నాక ఊరు ఏమంటుంది?

ఓటమి ఎక్కడైనా ఓటమే గాని, సొంత ఊళ్ళో ఓటమికి ఒక ప్రత్యేకత వుంది. పైఊళ్ళో ఓడినవాడు బస్సెక్కి వెళ్ళిపోతాడు. సొంత ఊళ్ళో ఓడినవాడు ఎక్కడికి పోతాడు? పొద్దున్నే పాలకు వెళితే పాలావిడ అడుగుతుంది. కాలవ గట్టుకు వెళితే చాకిరేవులో అడుగుతారు. అంతకంటే పెద్ద చిక్కు, ఓడినా వాళ్ళే ఆతిథ్యం ఇచ్చేవారు. ఆ రాత్రి గెలిచినవాళ్ళకు అన్నం పెట్టాలి. మర్నాడు ఎవరివో రెండు ఊళ్ళవాళ్ళు ఫైనలు ఆడడానికి తమ బరిని తామే సిద్ధం చెయ్యాలి.

లంక జట్టును ఆ రాత్రి పడవ మీద పంపలేదు. బడి వరండాలో ఆకులు వేశారు. గుమ్మడికాయ పులుసు, పులిహోర, అరిసెలు. మొదటి ఆకు దాకా మా జట్టువాళ్ళు ఎవరూ కనిపించలేదు. మా మావయ్యగారు పులిహోర గంపతో తనే బయలుదేరబోతూంటే, చీకట్లోంచి వచ్చి గంప అందుకున్నది ఆ పొడుగాటివాడే. వెనకే మిగతావాళ్ళు. మొదట మాటల్లేవు. రెండోసారి పులుసు వచ్చేసరికి “ఆ గొలుసు పట్టు ఎలా వేశార్రా?” అని ఒకడు అడిగాడు. మూడోసారికి నవ్వులు వినపడ్డాయి.

కనుమనాడు తెల్లవారుజామున మంచులో బడి వెనక్కి నడిచి వెళ్ళాను. కొత్త తాడు కట్టి వుంది. ఇద్దరు నీళ్ళు చల్లుతున్నారు. పొడుగాటివాడు వంగి సున్నంతో నడిమి గీత గీస్తున్నాడు. తను నాలుగు వేళ్ళ దూరంలో అందుకోలేకపోయిన గీత అదే. వంకర లేకుండా గీశాడు.

ఫైనల్లో లంకవాళ్ళు కూడా ఓడిపోయారు. మా ఊరు మాత్రం ఆ పొద్దంతా లంక పక్షానే కేకలు వేసింది! మధ్యాహ్నం మినపగారెలు తిని (కనుమనాడు మినుము తినాలి గదా), ఊరంతా కలిసి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. పదకొండు ఊళ్ళ రుద్రులు కొబ్బరితోటలో ఒకచోట చేరతారు. గంగలకుర్రువారు ఆ ఎత్తైన ప్రభను భుజాలమీద మోసుకుంటూ నిండు కాలవలో దిగి దాటుతూంటే వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. ఒకరి కాలు జారితే అందరి భుజమూ సర్దుకుంటుంది. ఏడుగురి పొత్తంటే ఏమిటో మా కుర్రాళ్ళకు అక్కడ మళ్ళీ కనిపించి వుండాలి.

ఇంటి నేలమీద ఓడడం మావాళ్ళతోనే మొదలు కాలేదు. 2016లో కబడ్డీ ప్రపంచ కప్పు అహమ్మదాబాదులో జరిగినప్పుడు భారత జట్టు తొలి ఆటలోనే, సొంత జనం ముందు, దక్షిణ కొరియా చేతిలో 32–34తో ఓడింది. తేడా రెండే పాయింట్లు. అదే నెల 22న ఫైనల్లో ఇరానును 38–29తో ఓడించి కప్పు తెచ్చుకుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి సంగతీ అంతే. 2024 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ బ్యాడ్మింటన్ డబుల్స్ ఫైనల్లో అతనూ చిరాగ్ శెట్టీ మొదటి గేమ్ గెలిచి కూడా కొరియా జోడీకి ఓడిపోయారు. మార్చిలో పారిస్ వెళ్ళి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచారు. వాళ్ళిద్దరూ పండక్కి కలిసే జోడీ కాదు. ఏడాది పొడుగునా కలిసి ఆడేవాళ్ళు. ముసలాయన మాటకు అర్థం అక్కడుంది.

మా ఊరి కుర్రాళ్ళకు ఆ వీలు లేదు. చదువులు కాకినాడలో, కొలువులు హైదరాబాదులో. ఏటా ఒకరిద్దరు తగ్గుతున్నారని మావయ్యగారు అన్నారు. ఏడుగురు దొరకని సంవత్సరం రావచ్చునని ఊరికి బెంగ. ఓటమి కంటే ఆ బెంగే పెద్దది. బయలుదేరే రోజున బస్సు స్టాండులో ఆ ఏడుగురూ కనిపించారు. ముగ్గురు పెట్టెలతో, నలుగురు సాగనంపడానికి. దసరా సెలవులకు పది రోజులు ముందే కలవాలని, లంకకు పడవ మీద వెళ్ళి ఆ కుర్రాళ్ళతోనే ఇసకలో ఆడాలని మాట్లాడుకుంటున్నారు.

పాఠకులెవరైనా సంక్రాంతికి కోనసీమ వెళ్ళదలిస్తే ఆత్రేయపురంలో పూతరేకులు తినండి, జగ్గన్నతోటలో ప్రభలు చూడండి. ఆ పైన ఏ ఊళ్ళోనైనా చెడుగుడు ఎక్కడ జరుగుతోందని అడగండి. టిక్కెట్టు లేదు. కుర్చీ వేసి అరిసె చేతిలో పెడతారు. ఆట అయ్యాక మాత్రం వెంటనే లేచిపోకండి. ఓడిన జట్టు ఏం చేస్తుందో కాసేపుండి చూడండి.