విడిపించుకోవడం

మనం విడిపించుకోనిదేముంది చెప్పండి! పంట పెట్టుబడికని బ్యాంకులో పెట్టిన గొలుసు విడిపించుకుంటాం. కొట్టుకుంటున్న ఇద్దర్ని మధ్యలో దూరి విడిపిస్తాం. స్టేషన్లో కూర్చోబెట్టిన తమ్ముణ్ణి జామీనిచ్చి విడిపిస్తాం. ఇన్నిటికీ ఒకటే మాట, బాగానే సరిపోయింది. మా గూడూరు వైపు మాత్రం మనిషినీ అచ్చం ఆ గొలుసులాగే విడిపించుకోవాల్సి వచ్చిన ఇళ్ళున్నాయి.

2025లో బయటపడ్డ సంగతి మీరూ చదివే ఉంటారు. గూడూరు దగ్గర బాతులు మేపే పనికి ఒక యానాది కుటుంబం రూ.25,000 అప్పు మీద కుదిరింది. భర్త పోయాడు. పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతానంది ఆ తల్లి. వడ్డీతో కలిపి రూ.45,000 కట్టమన్నారు, తెచ్చేదాకా ఒక కొడుకుని తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆమె కిందామీదా పడి డబ్బు సర్దుకుంది. బిడ్డ ఏడంటే రోజుకో మాట చెప్పారు. చివరికి పోలీసులు కాంచీపురం దగ్గర, పాతిపెట్టిన చోట నుంచి ఆ బిడ్డ శవాన్ని వెలికి తీశారు.

నాకు మింగుడు పడనిది ఆ డబ్బు. ఆమె పైసా కట్టాల్సిన పని లేదండీ! 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్టు లెక్క. వెట్టికి కట్టేసిన అప్పు దాని కింద చెల్లదు. అంతేకాదు, అలాంటి అప్పు కింద డబ్బు పుచ్చుకోవడమే నేరం, మూడేళ్ళ దాకా జైలు. ఆ తల్లికి ఈ ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేకపోయారు.

చట్టప్రకారం విడిపిస్తే విడుదల పత్రం ఇస్తారు, వెంటనే రూ.30,000 దాకా సాయం అందాలి. మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ రెండు లక్షల పునరావాసం కూడా ఉంది. కాకపోతే అది కేసులో శిక్ష పడ్డాకే. అన్నాళ్ళూ పొయ్యి వెలిగేదెట్లా? చేతిలో కాగితం ఒక్కటే ఉంటే మళ్ళీ అడ్వాన్సు కోసం ఇంకో గుమ్మం ఎక్కడమే. ఆ షరతు తీసేయాలి.

ఈలోగా, బాతుల కాడ ఉన్న కొడుకుని విడిపించుకోవాలి, ఓ పదివేలు సర్దండయ్యా అని ఎవరైనా మీ గడప తొక్కితే డబ్బివ్వకండి. వాళ్ళను వెంటబెట్టుకుని గూడూరు రెవెన్యూ డివిజన్ ఆఫీసుకు పదండి, ఆ రోజే.